మడ అడవుల పునరుద్ధరణ – తీరగ్రామాల సమష్టి కృషి

సంగం జాగర్లమూడి పొలాలలో వరికి పారించిన నీరు చివరకు ఎక్కడికి చేరుతుంది? ఈ ప్రశ్న అడిగితే మన విద్యార్థులలో చాలామంది "మురుగు కాలువలోనికి" అని బదులు చెప్పి ఊరుకుంటారు. ఆ సమాధానం సరియైనదే గాని సంపూర్ణమైనది కాదు. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ నుండి పశ్చిమ డెల్టా కాలువలలోనికి వచ్చిన కృష్ణ నీరు తెనాలి, పొన్నూరు, రేపల్లె, బాపట్ల ప్రాంతాల మాగాణులను తడిపి, నల్లమడ, తుంగభద్ర, రేపల్లె వంటి మురుగు కాలువల ద్వారా పల్లానికి సాగిపోతుంది. ఆ పల్లపు నేలల అంచున, తీపి నీరు ఉప్పు నీటితో కలిసే చోట, ఒక విచిత్రమైన అడవి ఉన్నది. దానిని మనవారు మడ అడవి అంటారు. మన పొలానికీ ఆ అడవికీ మధ్య ఉన్న బంధుత్వాన్నీ, నశించిపోతున్న ఆ అడవిని తీరగ్రామాల ప్రజలు తిరిగి మొలిపించిన విధానాన్నీ పాఠకులకు వివరించుటకే మేము ఈ వ్యాసాన్ని వ్రాస్తున్నాము.

మడ అడవి అనగా నేమి?

సాధారణమైన చెట్టును తెచ్చి ఉప్పునీటిలో నాటితే కొద్ది దినాలలోనే మాడిపోతుంది. మడచెట్టు మాత్రం దినమునకు రెండుసార్లు సముద్రపు పోటు నీటిలో మునిగి, రెండుసార్లు ఆటుకు తేలి, దట్టమైన అడుసులో నిలిచి పెరుగుతుంది. ఇది ఒకే జాతి చెట్టు కాదు; ఒకే రకమైన జీవితానికి అలవాటుపడిన అనేక జాతుల సముదాయము. మన తీరంలో తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల, గుగ్గిలం, కలింగ అనే పేర్లతో మత్స్యకారులు వాటిని గుర్తిస్తారు. తిల్లచెట్టు పాలు కంటిలో పడితే ప్రమాదమని వారి పిల్లలకు సైతం తెలుసు.

ఈ చెట్లు ఉప్పునేలలో బ్రదుకుటకు మూడు ఉపాయాలను సాధించుకున్నవి. మొదటిది శ్వాస విషయము. అడుసులో గాలి ఉండదు. అందుచేత తెల్లమడ వేళ్ళు నేలలోనుండి పైకి పొడుచుకొని వచ్చి, పెన్సిళ్ళు గుచ్చినట్లుగా నిలుస్తాయి. ఆటు సమయంలో అవి గాలిని పీల్చి క్రిందనున్న వేళ్ళకు అందిస్తాయి. పొన్నచెట్టు కాండంనుండి విల్లువలె వంగిన ఊతవేళ్ళను దింపి, గాలికి పడిపోకుండా నిలబడుతుంది. రెండవది ఉప్పు విషయము. పొన్నజాతి చెట్లు ఉప్పును చాలవరకు వేళ్ళ వద్దనే అడ్డగిస్తాయి. తెల్లమడ తనలోనికి వచ్చిన ఉప్పును ఆకుల గ్రంథుల ద్వారా బయటకు నెడుతుంది. ఎండవేళ ఆ ఆకును నాలుకపై పెట్టి చూచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మూడవది సంతానము. విత్తనము నీటిలో రాలితే కొట్టుకొనిపోయే ప్రమాదము గలదు. కాబట్టి పొన్న విత్తనం తల్లిచెట్టుపైనే మొలకెత్తి, మునగకాయవలె సాగిన మొలకగా మారిన తరువాతనే క్రిందికి జారుతుంది. అనువైన అడుసు దొరికితే అక్కడే పాతుకుంటుంది. లేకున్న నీటిపై తేలి మరొక చోటు వెదకుకొంటుంది.

రేపల్లె నుండి దివిసీమ వరకు

తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, అక్కడినుండి నైరుతిగా నిజాంపట్నం చేరితే ఈ అడవుల పొలిమేరలోనికి వచ్చినట్లే. నిజాంపట్నం చరిత్రకెక్కిన రేవు. పాశ్చాత్యుల వ్రాతలలో దీనిని పెటపోలి అన్నారు. 1611లో ఈస్టిండియా కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ ఈ రేవుకు వచ్చినది. ఈ ప్రాంతం నుండి కృష్ణానది ముఖద్వారాల మీదుగా నాగాయలంక, సొర్లగొంది, నాచుగుంట వరకు మడ అడవులు చీలికలు పేలికలుగా వ్యాపించి ఉన్నవి. 1989లో ఇందులో సుమారు 194 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించారు. గోదావరి ముఖద్వారమున కోరంగి అడవులకు 1978లోనే ఇట్టి రక్షణ లభించినది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన మీదట రేపల్లె, నిజాంపట్నం బాపట్ల జిల్లాలోనికి వచ్చినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. దివిసీమ కృష్ణా జిల్లాకు చెందుతుంది. సరిహద్దులు ఎన్ని మారినా అడవికి, పోటునీటికి జిల్లాల భేదము లేదు.

ఈ అడవిలో బావురుపిల్లి అనే అరుదైన జంతువు నివసిస్తుంది. పిల్లి జాతిలో పుట్టి నీటిలో దిగి చేపలు పట్టుట దాని ప్రత్యేకత. నీటికుక్కలు, కొంగలు, శీతకాలంలో దూరదేశాలనుండి వచ్చే ఉల్లంకి పిట్టలు, బురదపై గెంతే చేపలు ఇక్కడి కాపురస్థులు. సమీపపు ఇసుకతీరాలలో సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెడతాయి. ఇక మనుష్యుల సంగతి. మడచెట్ల నుండి రాలిన ఆకు అడుసులో కుళ్ళి సూక్ష్మజీవులకు ఆహారమౌతుంది. వాటిని తిని రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగుతాయి. వేళ్ళ సందులలో పెద్దచేపల బారినుండి దాగుకొని, బలిసిన పిమ్మట సముద్రంలోనికి పోతాయి. మండపీత, పండుగప్ప, టైగరు రొయ్య వంటివన్నీ ఏదో ఒక దశలో ఈ నీటిని ఆశ్రయించేవే. పీతలు పట్టి బ్రదికే యానాదులకు, పాయలలో వల విసిరే పల్లెకారులకు ఈ అడవియే పొలము, ఈ అడవియే పంట.

ఉప్పెన నేర్పిన పాఠము

1977 నవంబరు 19వ తేదీ మన జిల్లాల పెద్దలు మరువరాని దినము. ఆనాటి తుపాను వెంట వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసి, అధికార లెక్కల ప్రకారమే సుమారు పదివేల మందిని బలిగొన్నది. బాపట్ల, రేపల్లె తాలూకాల తీరగ్రామాలు కూడ తీవ్రంగా దెబ్బతిన్నవి. ఆ తరువాత తుపాను రక్షణ భవనాలు కట్టారు. ఇసుక నేలలలో సరుగుడు తోటలు వేశారు. మడ అడవి వెనుకనున్న ఊళ్ళు కొంత తట్టుకొన్నవని, అడవి నరికిన చోట నీరు అడ్డులేక వచ్చినదని తీరవాసులు నేటికీ చెప్పుకొంటారు.

ఈ నమ్మకమునకు శాస్త్రీయమైన ఆధారము కలదా? 1999 అక్టోబరు 29న ఒరిస్సాను తాకిన మహా తుపానును గురించి 2009లో ప్రకటితమైన ఒక పరిశోధన దీనికి సమాధానమిచ్చినది. కేంద్రపాడ జిల్లాలో సముద్రానికీ తమకూ నడుమ వెడల్పయిన మడ అడవి గల గ్రామాలలో మరణాలు తక్కువగా ఉన్నవని, అడవి సన్నగిలిన లేదా అంతరించిన చోట మరణాలు ఎక్కువగా ఉన్నవని అది నిరూపించినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తమిళనాడులోని పిచ్చావరం మడ అడవుల చాటున ఉన్న గ్రామాలకు నష్టము తగ్గినదని మరుసటి సంవత్సరమే పరిశోధకులు తెలిపారు. అయితే విద్యార్థులు ఒక మాట గుర్తుంచుకొనవలెను. మడ అడవి నీటిని ఆపే గోడ కాదు. అలల వేగాన్ని, గాలి తాకిడిని తగ్గించి, మనిషికి ప్రాణము దక్కించుకొనే వ్యవధి నిస్తుంది. ముందుగా హెచ్చరిక, రక్షణ భవనము, అడవి – ఈ మూడూ కలిసినప్పుడే ఊరు నిలుస్తుంది.

అడవి ఎందుకు క్షీణించినది?

కారణాలు అనేకము. వంటచెరకు కోసం, ఇంటి వాసాల కోసం తీరగ్రామాల పేదలు చెట్లు నరికిన మాట నిజమే. గేదెల మందలు లేతమొక్కలను మేసివేసిన మాటా నిజమే. కాని నేరమంతా పేదల నెత్తిన వేయుట న్యాయము కాదు. బ్రిటిషు పాలన కాలంనుండి అడవిని భాగాలుగా విభజించి, వంతులవారీగా ఒక్కొక్క భాగాన్ని మొత్తంగా నరికించే పద్ధతి అమలులో ఉండినది. నరికిన చోట అడవి దానంతట అదే మొలుస్తుందని భావించారు. పెక్కుచోట్ల అది మొలవలేదు. 1980లనాటి చివర మొదలై 1990లలో ఉధృతమైన రొయ్యల చెరువుల సాగు మరికొంత నేలను మింగినది. 1991లో తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వచ్చినవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఆ నిబంధనల పరిధిలో రొయ్యల పరిశ్రమను కట్టడి చేసినది. అప్పటికే జరిగిన హాని జరిగిపోయినది.

మరి నరికిన అడవి తిరిగి ఎందుకు మొలవలేదు? ఇచ్చటనే ఈ వ్యాసపు ముఖ్యవిషయం ఉన్నది. చెట్లు ఉన్నంతకాలము నీడ ఉండును. అడుసు తడిగా ఉండును. ఒక విశాలమైన భాగంలో చెట్లన్నీ ఒక్కసారి పోగానే ఎండ సూటిగా నేలపై పడుతుంది. అడుసులోని తేమ ఆవిరి కాగా నేల కుంగి, పళ్ళెము వలె మధ్యలో లోతుపడుతుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు ఆ పళ్ళెంలోనికి చేరుతుంది. ఆటు సమయంలో బయటకు పోదు. నిలిచిన నీరు ఎండకు ఇంకిపోగా ఉప్పు మిగులుతుంది. ఇట్లు నెలల తరబడి జరిగేసరికి నేల సముద్రపు నీటికంటె అనేక రెట్లు ఉప్పగా మారుతుంది. ఉప్పుకు అలవాటుపడిన తెల్లమడ విత్తనము కూడ అక్కడ మొలకెత్తలేదు. కాబట్టి అట్టి నేలలో ఎన్ని మొక్కలు నాటినా వ్యయము దండుగ. రోగము మొక్కలో లేదు, నీటి నడకలో ఉన్నది.

చేపముల్లు కాలువలు

ఈ రోగమునకు చికిత్సను మద్రాసులోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తొలుత పిచ్చావరంలో పరీక్షించి, 1990ల చివరినుండి 2004 వరకు ఇండియా–కెనడా పర్యావరణ నిధి సహాయముతో, అటవీశాఖతో కలిసి, మన గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో అమలు జరిపారు. ఆ సంస్థను 1988లో ప్రఖ్యాత వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ స్థాపించారు. వారు 2023 సెప్టెంబరులో కీర్తిశేషులైనారు.

పద్ధతి సులభముగానే అర్థమగును. కుంగిన నేల నుండి సమీపంలోని పాయ వరకు ఒక ప్రధాన కాలువ త్రవ్వుతారు. దానికి రెండు ప్రక్కల ఏటవాలుగా చిన్న పిల్లకాలువలు త్రవ్వుతారు. పైనుండి చూచితే ఇది చేప ముల్లువలె కనిపిస్తుంది. కాలువ పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండవలెను. అట్లు కానిచో గట్లు విరిగి పూడిపోవును. ఇప్పుడు పోటువేళ నీరు లోనికి వచ్చి, ఆటువేళ తిరిగి బయటకు పోతుంది. వానకాలపు నీరు కూడ తోడై నేలలోని ఉప్పును క్రమంగా కడిగివేస్తుంది. ఆ పిమ్మట కాలువ గట్ల వాలులో, మొక్క మరీ మునగక, మరీ ఎండక ఉండే ఎత్తున, ముఖ్యంగా తెల్లమడ మొక్కలు నాటుతారు. ప్రతి సంవత్సరము ఒండ్రు తీయుట తప్పనిసరి. ఒకసారి ఉప్పు తగ్గి నీరు నడిచినదంటే, నాటని విత్తనాలు కూడ పోటునీటితో కొట్టుకొనివచ్చి తామే మొలుస్తాయి. మన డెల్టా రైతుకు ఇందులో క్రొత్త యేమున్నది? చౌడునేలకు నీరు పెట్టి, మురుగు తీసి బాగుచేసుకొనే విద్య అతనికి తరతరాలుగా తెలిసినదే.

అడవి ఎవరిది?

కాలువలు త్రవ్వుట సగము పని మాత్రమే. గ్రామము పూనుకొనకపోయిన ఆ మొక్కలను మరుసటి వేసవిలోనే గేదెలు మేసివేయును. పూర్వము అడవి ప్రభుత్వానిదనీ, ప్రజలు దొంగలనీ భావించే రోజులలో కాపలాదారుకూ గ్రామస్థునికీ మధ్య పగ తప్ప మరేమియు ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్య పద్ధతి వచ్చి, వన సంరక్షణ సమితులు ఏర్పడసాగినవి. అభయారణ్యాల అంచు గ్రామాలలో పర్యావరణాభివృద్ధి కమిటీలు ఏర్పడినవి. ఈ పద్ధతినే మడ అడవులకు తగినట్లు మలచుకొన్నారు.

గ్రామసంఘంలో కుటుంబానికి ఇద్దరు చొప్పున, అందులో ఒకరు స్త్రీగా, సభ్యులుండుట నియమము. దీని ప్రయోజనం సామాన్యమైనది కాదు. వంటచెరకు తెచ్చేది స్త్రీ. ఏ చెట్టు ఎక్కడ నరుకుతున్నారో, ఏ నెలలో పొయ్యికి కొదువో ఆమెకు తెలిసినంతగా పురుషునికి తెలియదు. అందుచేత సంఘము ముందుగా ఊరి అవసరాలను లెక్కవేయవలెను: పొయ్యికి ప్రత్యామ్నాయమేమి, గేదెలకు మేత ఎక్కడ, పట్టణపు రొయ్యల వ్యాపారి వద్ద అప్పు తీసుకొన్నవాడు ఏ విధంగా బయటపడును అని. ఊరి బంజరులో వంటచెరకు తోటలు, పొగరాని పొయ్యిలు, పొదుపు సంఘాలు, పీతలను బలిపించి అమ్ముట వంటివి ఇందులోనుండే పుట్టినవి. కాలువలు త్రవ్విన కూలి ఊరివారికే దక్కినది. నాగాయలంక ప్రాంతపు దీనదయాళపురం, నాలి వంటి గ్రామాలు ఈ కృషిలో పాలుపంచుకొన్నవి. ఆంధ్ర, తమిళనాడు, ఒరిస్సా రాష్ట్రాలలో ఈ విధంగా బాగుపడిన నేల దాదాపు పదిహేను వందల హెక్టార్లు. అటుపిమ్మట కృష్ణా తీరంలో చెరువు గట్లపై మడమొక్కలు పెంచుతూ, పోటునీటితో చెరువు నింపి, చేపలు, పీతలు పెంచే మిశ్రమ పద్ధతిని కూడ పరీక్షించారు. చెరువుకూ అడవికీ వైరము తప్పనిసరి కాదని చూపుటకు ఇదొక ప్రయత్నము.

దేశమంతటికీ 2023లో మడ అడవుల పెంపకానికి మిష్టి అనే పేరుతో కేంద్రప్రభుత్వము ఒక పథకాన్ని ప్రకటించినది. అదే సంవత్సరపు అటవీ నివేదిక ప్రకారము దేశంలో మడ అడవులు సుమారు 4,990 చదరపు కిలోమీటర్లు. అందులో మన రాష్ట్రపు వాటా సుమారు 420. ఈ అంకెలు ఆశాజనకములే. అయితే నాటిన మొక్కల సంఖ్య వేరు, నిలిచిన చెట్ల సంఖ్య వేరు. ఫిలిప్పీన్సు దేశములో మొక్కలు పెరుగజాలని బురదమైదానాలలో లక్షలాదిగా నాటి నష్టపోయిన అనుభవము లోకమునకు తెలిసినదే. నీటి నడక చూడక, ఊరివారిని అడగక, ఫొటో కొరకు నాటిన మొక్క ఎక్కడైనను నిలువదు.

పైనీరు – క్రిందిఅడవి

మా అభిప్రాయములో ఇప్పుడు మిగిలియున్న పెద్ద చిక్కు తీరంలో లేదు, ఎగువన ఉన్నది. మడ అడవికి ఉప్పునీరు ఎంత అవసరమో, నది తెచ్చే తీపినీరు, ఒండ్రు అంతే అవసరము. 1855 నాటికి ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ, తరువాత నాగార్జునసాగరం, శ్రీశైలం ఒకదాని వెంట ఒకటి వచ్చి మన పొలాలకు అన్నము పెట్టినవి. దానిని మేము ఎన్నడూ కాదనము. కాని అవే జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచుటవలన సముద్రతీరానికి చేరే మట్టి బాగా తగ్గినది. కృష్ణా డెల్టా అంచున కొన్నిచోట్ల తీరము కోతకు గురియగుచున్నది. వేసవిలో నది సముద్రమును చేరుట అరుదైనది. అట్టి దినాలలో అడవికి తీపినీరు అందించేది మన మురుగు కాలువలే. మరి ఆ కాలువలలో మనము ఏమి పంపుతున్నాము? పొలాలనుండి పురుగుమందులు, పట్టణాలనుండి మురుగు, ప్లాస్టిక్కు సంచులు. తెనాలి ప్రాంతంలో కాలువలోనికి విసిరినది పీతలు పట్టేవారి వలలో పడుతుంది.

ఇట్టి కష్టమే సింధునది ముఖద్వారములోనూ సంభవించినది. అక్కడి ఉర్దూ మాట్లాడేవారు మడచెట్టును తిమర్ అంటారు. మా ఉర్దూ విభాగపు మిత్రులకు ఆ మాట పరిచితమే కావచ్చును. ఎగువ బ్యారేజీల వలన తీపినీరు తగ్గి అక్కడి అడవి, వ్యవసాయము రెండూ క్షీణించినవి. తరువాత సింధు రాష్ట్ర అటవీశాఖ, తీరగ్రామస్థులు కలిసి విరివిగా మొక్కలు నాటి అడవిని చాలవరకు పెంచుకొన్నారు. భాష వేరైనా, దేశము వేరైనా, నది చివర బ్రదికే పేదల సమస్య ఒక్కటే. వారి పరిష్కారమూ ఒక్కటే.

విద్యార్థులకు, కళాశాల పెద్దలకు మనవి

మేము పెద్ద పెద్ద కోరికలు కోరుటలేదు. వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విద్యార్థులను సంవత్సరమునకు ఒకసారి, అటవీశాఖ అనుమతితో, నిజాంపట్నం వైపు మడ అడవులను చూచుటకు పంపవలెనని కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. అక్కడి మత్స్యకారుల నుండి చెట్లకు, చేపలకు, పాయలకు గల తెలుగు పేర్లను సేకరించి, ఉర్దూ పేర్లతో సహా ఒక పట్టికగా ఈ సంచికలోనే ప్రచురించవచ్చును. ఆ పేర్లు తెలిసిన ముసలివారు పోతే, పుస్తకాలలో లాటిను పేర్లు మాత్రమే మిగులుతాయి. జాతీయ సేవా పథకము విద్యార్థులు మొక్కలు నాటే ఉత్సాహమును కొంత మళ్ళించి, తమ గ్రామ మురుగు కాలువలను శుభ్రపరచినచో, అది కూడ మడ అడవి సేవయే యగును. రైతు కుటుంబాల పిల్లలు తమ ఇళ్ళలో పురుగుమందు డబ్బాలు కాలువలో కడుగవద్దని చెప్పగలిగితే మరీ మంచిది.

కృష్ణ ఒడ్డున పుట్టిన మనము ఆ నీటిని మొదట వాడుకొనే అదృష్టము గలవారము. మన తరువాత దానిని వాడుకొనేవారు ఉప్పునేలలో గుడిసెలు వేసుకొని, తుపాను వార్త వినగానే పిల్లలను చంక నెత్తుకొని పరుగెత్తేవారు. మనము విడిచే నీరు మంచిదైతే వారి ముందున్న అడవి నిలుస్తుంది. ఆ అడవి నిలిస్తే వారికి పరుగెత్తుటకు కొంత వ్యవధి దొరుకుతుంది. ఎగువవారు దిగువవారికి చేయదగిన ఉపకారములలో ఇంతకంటె సులభమైనది మాకు కనిపించుటలేదు.